ఒక్కో మడతకి ఒక ఇల్లు

శనివారం మధ్యాహ్నం, అక్క వంటిల్లు. తమ్ముడు ఒక చిన్న చర్చికి పాస్టరు. ప్రతి ఆదివారం ఆరాధనలో ప్రభువు బల్ల దగ్గర విరిచి అందరికీ పంచే రొట్టె చేసేది అక్క.

"కలపలేదంటే? ఇంకా కలపలేదనా, అసలు కలపవనా?"

"రెండూ ఒకటే అనుకో."

"ఎలా ఒకటవుతాయక్కా? మొదటిదైతే కాసేపు కూర్చుని తీసుకెళ్తాను. రెండోదైతే..."

"రెండోదైనా కూర్చో. నిలబడి మాత్రం ఏం చేస్తావు? ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతోంది. ఇటు, స్టూలు మీద."

"పిండి లేదా?"

"ఉంది."

"పురుగు పట్టిందా?"

"పిండికేం పట్టలేదు. నిన్ననే జల్లించి పెట్టాను."

"గ్యాసు?"

"ఇప్పుడే కదరా నీకు టీ పెట్టిచ్చాను. గ్యాసు లేకుండానే కాగిందా అది?"

"పోనీ నడుం నొప్పా?"

"నడుం ఎప్పుడు నొప్పి పెట్టలేదు గనక. నొప్పితోనే ఇన్నేళ్లూ చేశాను. అది కాదులే. టీ తాగు, చల్లారిపోతుంది."

"తాగుతున్నాను. రేపు బల్ల ఉంది కదక్కా."

"ప్రతి ఆదివారం ఉంటుంది. నాకు తెలియదా?"

"మరి?"

"మరి లేదు, గిరి లేదు. నేను చెయ్యను. రేపే కాదు, ఇకమీదట చెయ్యను. అదిగో, అమ్మ పళ్లెం తోమి బోర్లించాను. వెళ్తూ వెళ్తూ తీసుకెళ్లు. ఎవరికిస్తావో నీ ఇష్టం. పాటలు పాడే ఆవిడున్నారుగా, ఆవిడకివ్వు. ఎప్పట్నుంచో ఆశపడుతున్నారు."

"ఆవిడ రొట్టె చేస్తే కొరకడానికి పళ్లు కావాలి. మన సంఘంలో సగం మందికి పళ్లు లేవు."

"నవ్వించకు. నవ్వే ఓపిక లేదు."

"నేనేం నవ్వించడం లేదు. పోయినసారి నీకు జ్వరమొచ్చినప్పుడు ఆవిడే చేశారు. ముసలి కాంపౌండరుగారు ఆ ముక్క బుగ్గన పెట్టుకుని ముగింపు ప్రార్థన దాకా అలాగే కూర్చున్నారు. ఆమెన్ కూడా అనలేదాయన."

"అయితే కొట్లో కొను. బ్రెడ్డు ముక్కలు కోసి పెట్టు. ఎంతమంది పెట్టుకోవడం లేదు?"

"అక్కా, ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఎవరూ ఏమీ అనలేదు."

"నీ మరదలు ఏదైనా..."

"దాని జోలికి పోకు. అదేమంటుంది పాపం. మొన్న కూడా వచ్చి నా కాళ్లకి మందు రాసి వెళ్లింది."

"మరి నేను అన్నానా?"

"నువ్వూ అనలేదు. ఎవరూ ఏమీ అనలేదు, అదేరా సంగతి. ఎవరూ ఏమీ అనలేదు."

"అర్థం కాలేదు."

"అర్థం కాకపోతే వదిలెయ్. పళ్లెం తీసుకుని వెళ్లు."

"పళ్లెం తీసుకెళ్లడానికి రాలేదు నేను."

"ఎందుకొచ్చావు మరి? అదడుగుదామనే అనుకుంటున్నాను. రొట్టె సాయంత్రానికి గానీ అవ్వదని తెలుసు. నువ్వేమో రెండింటికల్లా దిగుతావు. లోపలికి కూడా రావు. వెనక మెట్ల మీద కూర్చుంటావట. పక్కింటి టీచరుగారు చెప్పారు. మీ తమ్ముడుగారు ప్రతి శనివారం ఎండలో కూర్చుంటున్నారు, ఇంట్లో ఏమైనా గొడవా అని అడిగారు ఆవిడ."

"ఎండేముంది అక్కడ? ఆ వేళకి నీడ వస్తుంది."

"నీడ సంగతి అడగలేదు."

"ఫోన్లు వస్తుంటాయి. నీ పనికి అడ్డమెందుకని."

"ఫోన్ మాట్లాడేవాడివి కాదట. ఊరికే కూర్చుంటావట."

"ఊరికే కూర్చోడానికి నాకు వారంలో దొరికేది ఆ ఒక్క గంటే అక్కా. చర్చికి వెళ్తే పైకప్పు కారుతోందంటారు. ఇంటికి వెళ్తే ఎవరో ఒకరు వరండాలో కూర్చుని ఉంటారు. సరే, అది వదిలెయ్. నువ్వు చెప్పు. ఎందుకు చెయ్యనంటున్నావు?"

"చెయ్యకూడదు నేను."

"ఎవరన్నారు?"

"ఎవరో అనాలా? నాకే తెలుసు. అమ్మ ఎలా చేసేదో నీకు గుర్తుందా?"

"ఎందుకు గుర్తుండదు?"

"ఏం గుర్తుంది చెప్పు."

"పిండి ముద్దని మడిచి పళ్లెంలో ఒత్తేది. మడిచినప్పుడల్లా ఒక ఇంటి పేరు పైకి చెప్పేది. ఒక్కో మడతకి ఒక ఇల్లు. సంఘంలో ఇళ్లన్నీ అయ్యేదాకా పిండి వదిలేది కాదు."

"ఆ. తొందరపెడితే ఏమనేది?"

"ఎవర్ని వదిలెయ్యమంటావురా అనేది."

"అదీ. చివర్న మన ఇల్లు. మన ఇల్లు ఎప్పుడూ చివర్నే. నాకు పళ్లెం ఇచ్చినప్పుడు ఇంకేం చెప్పలేదు. ఉప్పు వెయ్యకు, ఎవర్నీ వదలకు, అంది. అంతే."

"నువ్వూ అలాగే చేస్తున్నావుగా."

"చేస్తున్నానా?"

"చెయ్యడం లేదా?"

"లేదు. పేర్లు చెప్పడం లేదు. నోరు మూసుకుని పిసుకుతున్నాను. ఇంట్లో చపాతీ ముద్ద పిసికినట్టే. మీ బావ పోయిన దగ్గర్నుంచీ ఇదే వరస."

"అప్పట్నుంచి కాదుగా. ఆ తర్వాత కూడా చెప్పావు, ఎండాకాలం దాకా."

"నీకెలా తెలుసు?"

"నువ్వే ఎప్పుడో అన్నావు."

"నేనా? ఎవరితోనూ అనలేదు నేను. ఇవాళే మొదటిసారి నోరు విప్పడం."

"ఏమో మరి. అనుకున్నానేమో. తర్వాత చెప్పు."

"నిజమే, ఎండాకాలం దాకా చెప్పాను. మిగతా ఇళ్లన్నీ బాగానే వచ్చేవి. చివర్న మన ఇల్లు. మొదట ఆయన పేరు. అక్కడికొచ్చేసరికి దగ్గు వచ్చేది. దగ్గి దాటేసేదాన్ని. పోయినవాళ్ల కోసం ప్రార్థన చెయ్యకూడదు, వాళ్ల లెక్క దేవుడి దగ్గర ఎప్పుడో తేలిపోయిందని నువ్వే చెప్పావుగా చర్చిలో. నీ గొంతు కూడా గుర్తుంది నాకు, అది చెప్పినప్పుడు."

"చెప్పాను."

"అయితే తీసెయ్యాలి కదా ఆయన పేరు. తియ్యడానికి నోరు రాలేదు. ఉంచడానికి ధైర్యం లేదు. ఒక శనివారం దగ్గు కూడా రాలేదు. అక్కడే ఆగిపోయాను. ముద్ద చేతిలో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో. తర్వాతి వారం అసలు మొదలే పెట్టలేదు."

"నన్నడగాల్సింది."

"ఏమని? అయ్యగారూ, మా ఆయన్ని లిస్టులోంచి తియ్యమంటారా, ఉంచమంటారా అనా?"

"అలా కాదు..."

"అడిగితే ఏం చెప్పేవాడివి? బైబిల్లోంచి ఒక వాక్యం చెప్పేవాడివి. నువ్వు వాక్యం చెప్తే నాకు ఏడుపొస్తుంది, ఏడుపొస్తే నువ్వు ప్రార్థన చేస్తావు, ప్రార్థన చేస్తుంటే నేను కళ్లు మూసుకుని పొయ్యి మీద పాలు పొంగుతున్నాయేమో అనుకుంటూ కూర్చుంటాను. ఎందుకొచ్చిన బాధ ఇద్దరికీ."

"సరే, పేర్లు చెప్పలేకపోయావు. దుఃఖంలో ఉన్నావు. అది తప్పేం కాదక్కా."

"తప్పని నేనెప్పుడన్నాను? నేను చెప్పేది వినవేం. పేర్లు చెప్పకుండా చేసిన మొదటి వారం భయమేసింది. రొట్టె పాడవుతుందనుకున్నాను. పిచ్చిదానిలా కాల్చిన రొట్టెని లైటు కింద పెట్టి చూశాను. ఎలా ఉందనుకున్నావు?"

"ఎలా ఉంది?"

"బాగుంది. ఎప్పటిలాగే ఉంది. మెత్తగా, తెల్లగా, అంచులు విరక్కుండా. రేపు ఎవరో ఒకరు కనిపెడతారులే అనుకున్నాను. నువ్వు దాన్ని పైకెత్తి విరిచావు. అందరూ తిన్నారు. గడియారాలు బాగుచేసే ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని, ఇవాళ నోట్లో పెట్టుకోగానే కళ్లనీళ్లు తిరిగాయి, నీ ప్రార్థన బలం తల్లీ అంది. నాకు నవ్వొచ్చింది. ఇంటికొచ్చాక నవ్వు పోయింది."

"ఎందుకు?"

"ఎందుకేమిట్రా? ప్రార్థన ఉన్నా అదే రొట్టె, లేకపోయినా అదే రొట్టె. మరి అమ్మ నలభై ఏళ్లు ఎవరితో మాట్లాడింది? నేనెవరితో మాట్లాడాను? పిండితోనా?"

"దేవుడు పని చేసేది మన మాటల వల్ల కాదక్కా. ఆయన కృప..."

"ఆగు. ఆ గొంతు వద్దు. అది ఆదివారం గొంతు. ఇంట్లో ఉండే గొంతుతో చెప్పు."

"టీ ఇంకొంచెం ఉందా?"

"ఉంది, గిన్నెలో. నువ్వే పోసుకో. మీ బావ ఆసుపత్రిలో ఉన్నప్పుడు సంఘమంతా ఉపవాసం ఉన్నారు. నేను కాదన్నానా? అంతమంది మంచివాళ్లు కడుపు మాడ్చుకున్నారు మా కోసం. కొంచెం తేరుకుని ఇంటికి రాగానే నువ్వు ఆయన్ని ముందుకు పిలిచి, దేవుడు బాగుచేశాడని సాక్ష్యం చెప్పించావు. ఆయన మైకు పట్టుకుని, నాకు మాట్లాడటం రాదండీ, బతికాను అంతే, అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మళ్లీ నెల తిరక్కుండా పోయాడు. పోయాక ఒకావిడ వచ్చి నా విశ్వాసం చాల్లేదంది. ఇంకొకావిడ నా విశ్వాసం గట్టిది గనకే ఈ పరీక్ష అంది. ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చుని చెప్పారు. నేను వాళ్లిద్దరికీ టీ ఇచ్చాను."

"ఎవరు వాళ్లు?"

"ఎవరైతే ఏం? మనసులో చెడ్డవాళ్లేం కాదు. ఏదో ఒకటి అనాలి కదా, అన్నారు. ఏమీ అనకుండా కూర్చోవడం ఎవరికీ చేతకాదు. మీ బావకొక్కడికే చేతనయ్యేది. రోజంతా కరెంటు స్తంభాలెక్కి దిగి వచ్చి, ఆ అరుగు మీద కూర్చుంటే నేనూ వెళ్లి పక్కన కూర్చునేదాన్ని. ఇద్దరం ఒక్క ముక్క మాట్లాడుకునేవాళ్లం కాదు. ఇప్పుడనిపిస్తుంది, నాకు తెలిసిన ప్రార్థన అదొక్కటేనేమో అని."

"అక్కా."

"ఏంటి?"

"ఏం లేదు. చెప్పు."

"ఇంకేం లేదు. అయిపోయింది. నమ్మకం లేనిదాన్ని ఆ రొట్టె ముట్టుకోకూడదు. మీరంతా దాన్ని కళ్లకద్దుకుని తింటుంటే నేను మోసం చేస్తున్నట్టుంది. అందుకే మానేస్తున్నాను. చర్చికి కూడా రాను. కొన్నాళ్లు అమ్మాయి దగ్గరికి వెళ్లి ఉంటాను. ఒంట్లో బాగాలేదని చెప్పు, నమ్ముతారు."

"అమ్మాయి హాస్టల్లో ఉంటుంది కదా, నిన్నెక్కడ పెడుతుంది?"

"ఏదో ఒకటి చూసుకుంటాను. నీకెందుకు?"

"చర్చికి కూడా రావా?"

"వచ్చి ఏం చెయ్యను? నువ్వు ప్రసంగం చేస్తుంటే నీ చొక్కా కాలరు ఎక్కడ చిరిగిందో చూస్తూ కూర్చోవాలి. చిరిగింది, చూసుకున్నావా?"

"చూసుకోలేదు."

"విప్పివ్వు, రెండు కుట్లు వేస్తాను."

"ఇప్పుడెందుకులే. అక్కా, రేపు బల్ల ఆపేస్తాను."

"పిచ్చా నీకు? రొట్టె లేదని ప్రభువు బల్ల ఆపుతారా ఎవరైనా? కొట్లో కొనుక్కోమన్నానుగా."

"రొట్టె లేదని కాదు."

"మరి?"

"నేను అలిసిపోయాను."

"ఎవరు అలిసిపోలేదు? ఒక వారం సెలవు పెట్టు. మరదల్ని, పిల్లల్ని తీసుకుని ఎటైనా వెళ్లిరా."

"ఆ అలుపు కాదు."

"ఏ అలుపు మరి? నాన్చకు. చిన్నప్పట్నుంచీ నీకదే జబ్బు. పలక పగిలిందని చెప్పడానికి మూడు వీధులు తిప్పేవాడివి."

"నీకు బావ పోయాడు. నీకొక కారణం ఉంది. నాకది కూడా లేదు."

"దేనికి?"

"నాకేం జరగలేదక్కా. పిల్లలు చదువుకుంటున్నారు, మీ మరదలు బాగానే ఉంది, ఎవరూ చావలేదు. ఒకరోజు పొద్దున్నే ఎప్పట్లా మోకరించాను. లేచాను. మధ్యలో ఏమీ లేదు. రేపు సర్దుకుంటుందిలే అనుకున్నాను. మర్నాడూ అంతే. అలా అలా ఏడాది దాటిపోయింది."

"..."

"ఏదో ఒకటి అను."

"ఏమీ అనకుండా కూర్చోవడం ఎవరికీ చేతకాదన్నానుగా. నన్ను ప్రయత్నించనీ."

"సరే."

"ఏడాదా?"

"ఏడాది పైనే."

"అంటే బావ మంచం మీద ఉన్నప్పటికే."

"అప్పటికే."

"ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశావే. ఆయన నీ చెయ్యి వదల్లేదే అంతసేపూ."

"చేశాను. నోరు దాని పని అది చేసుకుపోతుంది అక్కా. అలవాటైన నోరు. బస్సు కండక్టరు టికెట్ టికెట్ అన్నట్టు. బావ నన్ను నమ్మి నా చెయ్యి పట్టుకున్నాడు. అది నేను మర్చిపోలేదు. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు."

"తిట్టాలనే ఉంది. ఓపిక లేదు. మరదలికి తెలుసా?"

"చెప్పలేదు. చెప్తే నా కోసం ప్రార్థన చేస్తుంది. అదింకా కష్టం."

"పెద్ద అయ్యగారు ఎవరైనా ఉంటారుగా మీకు, మీ పైన?"

"ఉన్నారు. వాళ్లకి చెప్తే పుస్తకాలిస్తారు. ఇచ్చారు కూడా. సందేహం గురించి చాలా పెద్ద పుస్తకం. అది రాసినాయనకి ఒక్క సందేహం కూడా లేదు."

"ఊళ్లో అందరి గోడూ వింటావు, నీది చెప్పుకోడానికి ఒక్కళ్లు లేరన్నమాట."

"మానేద్దామని అనుకున్నాను. మానేసి ఏం చెయ్యను? ఇంకో పని రాదు నాకు."

"రాదు. స్కూటరు నడపడం కూడా సరిగ్గా రాదు."

"అక్కా, శనివారాలు అందుకే వచ్చేవాణ్ణి."

"ఎందుకు?"

"పేర్లు వినడానికి."

"ఏ పేర్లు?"

"నువ్వు చెప్పే పేర్లు. ఈ కిటికీ కిందే కదా ఆ మెట్లు. నువ్వు పిండి ఒత్తుతూ పైకి చెప్తుంటే అన్నీ వినపడేవి. చివరికొచ్చేసరికి మన ఇల్లు. బావ పేరు, నీ పేరు, అమ్మాయి పేరు, ఆఖర్న, మా చిన్నోడు, అనేదానివి. అది విని లేచేవాణ్ణి. వారానికి ఆ ఒక్కటే. నేను చేసుకోలేకపోయినా నా కోసం ఎవరో చేస్తున్నారు కదా అని. దాంతో ఆదివారం నెట్టుకొచ్చేవాణ్ణి."

"ఒరేయ్."

"ఇదివరకే చెప్పాల్సింది."

"చెప్పాల్సింది. నేను నోరు మూసుకున్నప్పుడైనా చెప్పాల్సింది కదా. అక్కా, ఆపకే, నాకది కావాలి అని ఒక్క ముక్క. చెప్పి ఉంటే గొంతు చించుకుని అయినా చెప్పేదాన్ని."

"బావ పేరు దగ్గర నువ్వాగిన రోజు కిటికీ కింద నేనూ ఉన్నాను. ఆ తర్వాత నిన్నేమడగను? ఏ మొహంతో అడగను?"

"అయితే నేను అక్కడ నిలబడిపోయినంతసేపూ..."

"నేనూ కూర్చునే ఉన్నాను. టీ చల్లారిపోయింది."

"పారబొయ్యి. ఆ పిండి డబ్బా ఇలా దించు."

"ఎందుకు?"

"దించమన్నానా? పళ్లెం తిప్పి పెట్టు. రేపు వాళ్లంతా వచ్చి ఖాళీ బల్ల చూస్తారా ఏంటి, మనిద్దరికీ నమ్మకాలు కుదరలేదని. కాంపౌండరుగారు రెండు కర్రలేసుకుని వస్తాడు. ఆయనేం పాపం చేశాడు?"

"మానేస్తానన్నావుగా."

"వచ్చే వారం మానేస్తాను. చేతులు కడుక్కో. నీళ్లు నువ్వు పొయ్యి, నా చేతులు ఖాళీగా ఉండవు. కొంచెం కొంచెం. చాలు. చాలన్నానా."

"ఎక్కువైందా?"

"పర్లేదు, సర్దుతాను. పేర్లు మాత్రం చెప్పను, ముందే చెప్తున్నాను. రావు. లేనిపోని ఆశ పెట్టుకోకు."

"పెట్టుకోను."

"నీకంతగా కావాలంటే నువ్వే చెప్పుకో."

"చెప్పనా?"

"చెప్పు. నమ్మేవాళ్లూ లేరు, వినేవాళ్లూ లేరు, ఇక మొహమాటమెందుకు? ఇదిగో, మొదటి మడత."

"గడియారాలాయన ఇల్లు."

"ఊఁ."

"కాంపౌండరుగారి ఇల్లు."

"ఊఁ. నీళ్లు, ఒక్క చుక్క."

"కుట్టుమిషను అక్కాచెల్లెళ్ల ఇల్లు. పాటలు పాడే ఆవిడ ఇల్లు."

"ఆవిడ కోసం కొంచెం గట్టిగా ఒత్తాలి."

"పోస్టుమాస్టరుగారి ఇల్లు. తాపీమేస్త్రి ఇల్లు, వాళ్ల కోడలు కానుపుకెళ్లింది. లారీ డ్రైవరు ఇల్లు. నర్సమ్మగారి..."

"ఆగు."

"ఏమైంది?"

"లారీ డ్రైవరు ఇల్లన్నావు."

"అవును. మేస్త్రి ఇంటి వెనక వాటాలో దిగారుగా."

"తెలుసు. వాళ్లు వానాకాలంలో కదా మన చర్చికొచ్చింది?"

"అవును."

"నేను నోరు మూసుకుంది ఎండాకాలంలో."

"అవును."

"నేను చెప్పిన వరసలో వాళ్లు లేరు. నా నోట ఒక్కసారి కూడా రాలేదు ఆ ఇల్లు. మేస్త్రి తర్వాత వాళ్లని ఎవరు పెట్టారు?"

"నీళ్లు చాలా, ఇంకొంచెం పొయ్యనా?"

"నీళ్ల సంగతి అడగలేదు. నేను మానేశాక వినడానికేం లేదు కదా. అయినా ప్రతి శనివారం వచ్చి ఆ మెట్ల మీద కూర్చున్నావు. ఏం చేశావక్కడ?"

"నువ్వు మొదలుపెడతావని చూశాను. మొదలుపెట్టలేదు. పళ్లెం చప్పుడు మాత్రం వస్తోంది. మడిచి ఒత్తిన ప్రతిసారీ ఒక చప్పుడు. ఆ చప్పుళ్లు ఉత్తినే పోతుంటే కూర్చోలేకపోయాను అక్కా."

"కూర్చోలేక?"

"ఒక్కో చప్పుడుకి ఒక ఇల్లు చెప్పుకుంటూ పోయాను. లోలోపలే, నీకు వినపడకుండా."

"నమ్మకం లేదన్నావు."

"లేదు. ఇప్పటికీ లేదు. ఇళ్ల పేర్లు మాత్రం వచ్చు. ఎవర్ని వదిలెయ్యమంటావు?"

"ఎన్నాళ్లు?"

"నువ్వు ఊరికే పిసికానన్న ప్రతి వారం."

"అయితే ఆ రొట్టెలు... నేను లైటు కింద పెట్టి చూసినవి..."

"ఒక్క మొదటి వారం నేను సగంలో అందుకున్నాను. మిగతావన్నీ మొదటి ఇంటి నుంచీ చెప్పాను."

"చివర్న మన ఇల్లు?"

"చెప్పాను."

"అక్కడ ఎలా దాటావు? దగ్గావా?"

"దగ్గలేదు. దాటలేదు. మొదట బావ పేరే చెప్పాను అక్కా, ఒక్క వారం కూడా తియ్యలేదు."